ముప్పై దాకా

తెల్ల బ్లౌజు వేసుకురావడం బుద్ధితక్కువ పని అని ఫ్లోర్డెలిస్‌కి కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్నాకగానీ తట్టలేదు. చెరుకు తోటలు తగలబెట్టే రోజులు, మిల్లు గొట్టం పొద్దస్తమానం పొగ కక్కే రోజులు, ఈ నెగ్రోస్ దీవిలో పుట్టి ఇక్కడే ముప్పై తొమ్మిదేళ్ళు బతికిన మనిషికి ఆ మాత్రం తెలియొద్దా, కాలిన ఆకు మసి పేలికలు పేలికలుగా గాల్లో తేలివచ్చి భుజం మీద వాలుతోంది, చేత్తో దులిపితే పోదు, నల్లగా గీత పడుతుంది, నోటితో ఊదాలి, అమ్మ అలాగే ఊదేది, బడికి వెళ్ళేముందు వీపు మీద ఉఫ్ అని ఊది, పద ఇక, మీ నాన్నకి కోపం వస్తుంది అనేది, నాన్న ఆ బడికే హెడ్మాస్టరు, పిల్లల్ని పెసల మీద మోకాళ్ళేయించి చాపిన చేతుల మీద పుస్తకాలు పేర్చే హెడ్మాస్టరు, క్రమశిక్షణకి చుట్టుపక్కల అంతా పేరు, అమ్మకి ఎడమ చెవి వినపడదు, ఎందుకు వినపడదు అంటే మెట్ల మీంచి పడ్డాను అనేది, ఆ ఇంటికి ఉన్నవి రెండే మెట్లు. రెండు మెట్ల మీంచి పడితే చెవి పోతుందా అని ఫ్లోర్డెలిస్ ఏనాడూ అడగలేదు. ఇప్పుడు పేరు ముందు డాక్టర్ అని రాసుకుంటుంది, ఆడవాళ్ళ మీద హింస గురించి మూడొందల పేజీలు రాసింది, ఆ ప్రశ్న మాత్రం అందులోనూ లేదు.

సాక్షిని పిలిచేదాకా గడప దాటకూడదని చెప్పి బంట్రోతు తలుపు వేసేశాడు. తొమ్మిదిన్నర. తలుపుకి అటుపక్క అనలీ కూర్చుని ఉంటుంది, పసుపుపచ్చ ఖైదీ చొక్కాలో, పక్కన ఆడ పోలీసు. మొగుణ్ణి చంపిన కేసు. చంపలేదని అనలీ ఒక్కసారి కూడా అనలేదు, అసలు ఈ అయిదేళ్ళలో అనలీ పెద్దగా ఏమీ అనలేదు. ఆమెకి ప్రభుత్వం ఇచ్చిన లాయరు పనేస్, తన ఒంటికంటే పెద్ద కోటు వేసుకున్న చిన్న మనిషి, చేతిలో తొంభై కేసులు, ఇందాకే బయటికొచ్చి చెప్పి వెళ్ళాడు.

"కంగారేం లేదు మేడం. మీరు జైల్లో పంతొమ్మిది మంది ఆడవాళ్ళతో మాట్లాడి పరిశోధన చేసినవారు. ఏళ్ళ తరబడి తన్నులు తిన్న ఆడమనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో జడ్జిగారికి చెప్పండి చాలు. దెబ్బలు ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ పడ్డాయని తేలితే చట్టం ఆమెని వదిలేస్తుంది."

"తేలకపోతే?"

"నలభై ఏళ్ళు. ఇరుగుపొరుగు మాకేం వినపడలేదన్నారు. ఆస్పత్రి చీటీ ఒక్కటీ లేదు, వాడు తీసుకెళ్తేగా! ఉన్నదల్లా ప్రాసిక్యూటరు చేతిలో ఒక కాగితం, పన్నెండేళ్ళ నాటిది. మొగుడూ పెళ్ళాం మధ్య మాటామాటా పెరిగింది, రాజీ అయింది, భర్త మంచి తండ్రి అని. రాసింది లైసెన్సు ఉన్న సోషల్ వర్కరు, ఎఫ్. పలోమో అట. ఆ పేరుతో ఎంత వెతికినా దొరకలేదు. చచ్చిందో, దుబాయ్ పోయిందో."

"ఆ కాగితం నిలబడితే?"

"ఇంక కూతుర్ని బోనెక్కించాలి మేడం. తల్లి వద్దని నా కాళ్ళు పట్టుకుంటోంది. కానీ నాకు వేరే దారేది?"

పలోమో దుబాయ్ పోలేదు. పెళ్ళి చేసుకుని సెరాల్వో అయింది, చదువుకుని డాక్టరయింది, కాలేజీలో పాఠాలు చెబుతోంది, ఇప్పుడు కోర్టు వరండాలో కూర్చుని బ్లౌజు మీద మసి ఊదుకుంటోంది. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఈ కోర్టులో ఇద్దరే, ఒకతె తలుపుకి ఇటు, ఒకతె తలుపుకి అటు, అటు ఉన్నావిడ లాయరుకి చెప్పలేదు, ఎందుకు చెప్పలేదో అడిగే ముఖం ఇటు ఉన్నావిడకి లేదు.

పన్నెండేళ్ళ కిందట ఇదే రోజుల్లో, ఇదే మసి, అనలీ వాళ్ళ ఊళ్ళో పంచాయితీ లాంటి బరంగాయ్ ఆఫీసులో రేకుల కప్పు కింద ఫ్యాను కటకటమని తిరుగుతోంది, ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది నిండలేదు, కొత్త చెప్పులు కరుస్తున్నాయి, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో అనలీ, ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, నోట్లో నాలుక లేనట్టు కూర్చుంది, కుడిచేతి చిటికెన వేలు పక్కకి తిరిగిపోయి ఉంది, దానికి ఐస్‌క్రీము పుల్ల ఆనించి గుడ్డపేలిక కట్టింది, చెవి వెనక అరచేయంత మేర జుట్టు లేదు, ఊడిపోలేదు, పీకేశారు, చర్మంతో సహా లేచివచ్చిన చోట చీము తేలి మెరుస్తోంది, ఈగ వాలితే తోలుకునే ఓపిక కూడా లేదు. ఫ్లోర్డెలిస్ అన్నీ చూసింది. చూడలేదని ఈరోజు ఎవరికి చెప్పుకున్నా అది పచ్చి అబద్ధం. పక్కన మొగుడు దాదో, తడి జుట్టు నున్నగా దువ్వుకుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, మేడం మేడం అంటూ, ఎంత మర్యాద, ఎంత నవ్వు, చెరుకు కొట్టే చేతులు, ఆ చేతుల కణుపుల మీద తోలు లేచిపోయి ఉంది. అదీ చూసింది.

"చూడమ్మా ఫ్లోర్," అని ఊరిపెద్ద కాపితాన్ ఎలిసియో పక్కకి పిలిచి కాఫీ చేతిలో పెట్టాడు. "కొట్టాడు అని నువ్వు రాశావనుకో, ఇంక అది మన చేతిలో ఉండదు. మొగుడు పెళ్ళాన్ని కొడితే బరంగాయ్‌లో రాజీ చెయ్యకూడదని చట్టం చేసి కూర్చున్నారు పెద్ద బుర్రలు. టౌనుకి పంపాలి, వాణ్ణి లోపలెయ్యాలి. కోతలు నడుస్తున్నాయి. తల్లీ పిల్లా ఏం తింటారు, నీ కాగితమా?"

"మరి ఏం రాయమంటారు కాపితాన్?"

"మాటామాటా పెరిగింది. అంతే. ఏ ఇంట్లో పెరగదు చెప్పు? మీ ఇంట్లో పెరగలేదా?"

పెరిగింది. మా ఇంట్లో రెండు మెట్ల మీద పెరిగింది. అలా అనలేదు, నవ్వింది, నవ్వి రాసింది, గుండ్రటి అక్షరాలతో, ఆ దీవిలో ప్రతి బరంగాయ్‌లోనూ పెట్టెల కొద్దీ కాగితాల మీద ఉన్న మాటే, ఎవరూ ఎవరినీ కొట్టని దీవి ఇది, కాగితాలు చూస్తే దేవతలు కాపురం చేస్తున్నారనిపిస్తుంది, అందరికీ మాటలే పెరుగుతాయి, మాటలు పెరిగి పళ్ళు రాలతాయి, మాటలు పెరిగి కడుపులు పోతాయి. రాజీ అయ్యాక ఫైల్లో పెట్టడానికి ఫోటో తీయడం ఆనవాయితీ, మొగుడూ పెళ్ళాం చేతులు కలపాలి, మధ్యలో కాపితాన్ నిలబడాలి, వెనక జెండా కనపడాలి. దాదో చెయ్యి చాచాడు, అనలీ ఎడం చెయ్యి ఇవ్వబోయింది, కుడి చెయ్యమ్మా అన్నాడు కాపితాన్, ఆ కుడిచేతిని, పుల్ల కట్టిన వేలితో సహా, దాదో తన గుప్పిట్లోకి తీసుకుని నొక్కాడు. పుల్ల విరిగిన చప్పుడు వినపడింది. విరిగింది పుల్లేనా అని ఫ్లోర్డెలిస్ అప్పుడూ అడగలేదు. కెమెరా పట్టుకున్నది తనే. కొంచెం నవ్వండి అంది. అనలీ పళ్ళు కనపడ్డాయి. ఫోటోలో అది నవ్వులాగే ఉంది.

వాళ్ళ కూతురూ అక్కడే ఉంది, లవ్లీ, అయిదేళ్ళది, బల్ల కింద కాపితాన్ చెప్పులతో ఆడుకుంటోంది. పెద్దవాళ్ళు సంతకాలు పెడుతుంటే ఫ్లోర్డెలిస్ దాన్ని దగ్గరికి పిలిచి బల్ల మీద పెన్సిళ్ళు చూపించి ఎన్నున్నాయో చెప్పగలవా అంది, ఊరికే, పిల్లలతో మాట కలపాలని ట్రైనింగులో చెప్పారు గనక. పిల్ల నిటారుగా నిలబడింది, చేతులు రెండూ తొడలకి ఆనించుకుంది, గోడకేసి చూస్తూ మొదలుపెట్టింది, ఒకటి, రెండు, మూడు, గొంతు పైకి లేపి, ఒక్కొక్క అంకెకీ మధ్య ఒకేలా ఆగుతూ, పెన్సిళ్ళు ఏడే ఉన్నాయి, ఏడు దగ్గర ఆగలేదు, పన్నెండు, పదమూడు, ఎక్కడా తడబడలేదు, ముప్పై దాకా వచ్చి తల దించుకుని నిలబడింది. అబ్బో అంది ఫ్లోర్డెలిస్, చప్పట్లు కొట్టింది, శభాష్, ఎవరు నేర్పారమ్మా ఇంత చక్కగా? నాన్న అంది పిల్ల. దాదో టోపీ సర్దుకున్నాడు. అనలీ కళ్ళు మూసుకుంది. ఒక పెన్సిలు బహుమతి ఇచ్చి, తిరిగొచ్చి కాగితం చివర ఒక వాక్యం కలిపింది, ఎవరూ అడక్కుండానే, సొంత తెలివితో. తండ్రికి బిడ్డ చదువు మీద శ్రద్ధ ఉంది.

ఆ వాక్యంతోనే కదా తొమ్మిదేళ్ళు బతికింది. కాలేజీలో చేరాక మొదటి పాఠానికి ఆ కాగితం నకలే తీసుకెళ్ళింది, పేర్లు కొట్టేసి, అట్టకి అతికించి, సంతకం మీద తెల్ల సిరా పూసి. కేసు రాయడమెలాగో దీన్ని చూసి నేర్చుకోండి పిల్లలూ, చెడు అందరూ చూస్తారు, సోషల్ వర్కరు చెడులోంచి మంచిని వెతికి తీయాలి, చివరి వాక్యం చూశారా, ఒక్క వాక్యంతో ఒక సంసారం నిలబడింది. ఎర్ర సిరాతో గీత కూడా గీసింది దాని కింద. ఏడాదికి యాభై మంది, తొమ్మిదేళ్ళు, వాళ్ళంతా ఇప్పుడు దీవి నలుమూలలా కూర్చుని మంచిని వెతుకుతున్నారు. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం అంటారు, ఇక్కడ కంచె చేను మెయ్యడమే కాదు, ఎలా మెయ్యాలో బడి పెట్టి నేర్పింది.

"మేడం! మీరేంటి ఇక్కడ?"

తలెత్తితే జునరీ. నాలుగేళ్ళ కిందటి క్లాసులో ముందు బెంచీ పిల్ల, ఇప్పుడు ఏదో బరంగాయ్‌లో ఆడవాళ్ళ ఫిర్యాదులు చూస్తోంది, చంకలో ఫైలు, వెనక ఒక నడివయసు మనిషి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నిలబడి ఉంది.

"సాక్ష్యానికి వచ్చాను. నువ్వు?"

"కింద నోటరీ దగ్గర ముద్ర వేయించాలి మేడం, ఆయన రాలేదింకా, పైన గాలి వస్తుందని వచ్చాం. పెద్దదేం కాదు, మామూలే, మాటామాటా పెరిగింది." జునరీ గొంతు తగ్గించి మురిసిపోతూ అంది, "మీరు నేర్పినట్టే రాశా. చివర్లో మంచి కూడా వెతికి పెట్టా. ప్రతి ఆదివారం పెళ్ళాన్ని చర్చికి తీసుకెళ్తాడని."

నడివయసు మనిషి కళ్ళద్దాలు తీసి, అద్దాల మీద పడ్డ మసిని లంగా అంచుతో తుడుచుకుంది. ఎడమ కన్ను లేదు, అంటే ఉంది, వాపు కింద ఎక్కడో ఉంది, నేరేడు పండు రంగు తోలు మధ్య సన్నటి చీలిక, చీలికలోంచి పసుపు నీరు కారుతోంది, చావు తప్పి కన్ను లొట్టపోయింది అంటాం, మాటవరసకి అంటాం, నవ్వుతూ అంటాం. ఆమె మళ్ళీ అద్దాలు పెట్టుకుని, పరాయివాళ్ళ ముందు తీసినందుకు తప్పు చేసినదానిలా తల వంచుకుంది.

"కొట్టాడు అని రాయి," అంది ఫ్లోర్డెలిస్.

"ఏంటి మేడం?"

"కొట్టాడు అని రాయి జునరీ."

"అలా రాస్తే రాజీ కుదరదు కదా మేడం. మీరే కదా చెప్పారు." జునరీ నవ్వబోయి, ఎదుటి మొహం చూసి ఆగిపోయింది.

"ముద్ర వేయించకు. ఇక్కడే కూర్చో. నేను లోపలికి వెళ్ళేటప్పుడు నువ్వూ రా, ఆమెనీ తీసుకురా. వెనక కూర్చుని వినండి." ఎందుకంది ఆ మాట, ఇంకా ఏమీ తేల్చుకోలేదే, లోపలికి వెళ్ళి ఏం చెబుతుందని, పరిశోధన చెబుతుంది, మూడొందల పేజీలు, పట్టికలు, వాళ్ళు వింటే ఏమిటి వినకపోతే ఏమిటి. జునరీ అయోమయంగా కూర్చుంది, పక్కన ఆ మనిషి కూర్చుంది, బెంచీ కిర్రుమంది.

జైల్లో కుర్చీ కూడా ఇలాగే కిర్రుమంది. రెండేళ్ళ కిందట, పదకొండో ఇంటర్వ్యూ, బల్ల మీద రికార్డరు, అంగీకార పత్రం, అందరికీ తీసుకెళ్ళినట్టే ఒక పొట్లం పియాయా రొట్టెలు, లోపల బెల్లం కరిగి కాగితానికి అంటుకుంటోంది. ఎదుటి మనిషిని ఫ్లోర్డెలిస్ గుర్తుపట్టలేదు. తొమ్మిదేళ్ళు క్లాసులో ఆమె బతుకుని విప్పి చూపించిన మనిషి ఆమె ముఖాన్ని గుర్తుపట్టలేదు. అనలీ రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, తాపీగా నమిలి మింగి అంది.

"మా పిల్లకి పెన్సిలు ఇచ్చారు మేడం మీరు."

తరవాత చెప్పింది. ఏడవలేదు, బియ్యంలో రాళ్ళు ఏరేదానిలా ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. చెరుకు గడని నీళ్ళలో నానబెట్టేవాడు మేడం, ఎండుదైతే విరుగుతుంది, నానితే విరగదు, ఒంటికి చుట్టుకుంటుంది. పిల్లని గుమ్మంలో నిలబెట్టేవాడు, చేతులు తొడలకి ఆనించి, అటు గోడకేసి చూడమనేవాడు, దెబ్బకో అంకె, గట్టిగా చెప్పాలి, తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. పన్నెండు తరవాత పదమూడు మర్చిపోయేది మేడం పాపం, చిన్నపిల్ల, పన్నెండు అని పధ్నాలుగు అనేది, మళ్ళీ ఒకటి. మర్చిపోయి మర్చిపోయి ఒక్కోరోజు అరవై డెబ్భై పడేవి నాకు. అందుకని పగలు వాడు తోటకి పోయాక నేనే కూర్చోబెట్టి నేర్పాను, చింతపిక్కలు పెట్టి, ముప్పై దాకా, తప్పు రాకుండా. మీ దగ్గర చక్కగా చెప్పింది కదా? ఆ రోజు ఇంటికెళ్ళాక వాడన్నాడు, మేడం మెచ్చుకుంది, ముప్పై వచ్చేసింది కదా, ఇవాళ్టి నుంచి నలభై నేర్చుకో అని.

రికార్డరు మీద ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. ఇంకా ఏడేళ్ళు మేడం, ఆ తరవాత ఒక మధ్యాహ్నం, తోట నుంచి వచ్చి రమ్ము తాగి చాప మీద పడుకున్నాడు, నోరు తెరుచుకుని, గురక, బయట గడ నానబెట్టే ఉంచాడు లేచాక పని చూద్దామని, పక్కనే వాడి చెరుకు కత్తి, కొక్కెం ఉంటుంది చూడండి చివర, ఆ కత్తి. మొదటిది మెడ మీద వెయ్యబోతే దవడకి తగిలింది, పళ్ళు చాప మీద పడ్డాయి, లేచి కూర్చున్నాడు, నన్ను చూశాడు, నోట్లోంచి మాట రాదు, రక్తం వస్తోంది, రెండోది చేత్తో పట్టుకున్నాడు, వేళ్ళు పోయాయి, అప్పుడు వెనకనుంచి వినపడింది మేడం. మూడు అని. పిల్ల బడి నుంచి ఎప్పుడొచ్చిందో, పన్నెండేళ్ళది, గుమ్మంలో నిలబడి, చేతులు తొడలకి ఆనించి, గోడకేసి చూస్తోంది. నాలుగు. అయిదు. దానికి అలవాటు మేడం, దానికి తెలీదు తను అంటున్నట్టు. అది లెక్కపెడుతుంటే నేను ఆపలేకపోయాను, అది ఆపితే నేను ఆపేదాన్నేమో, నేను ఆపితే అది ఆపేదేమో. పదిహేడు దగ్గర నా చెయ్యి పడిపోయింది. పోస్టుమార్టం కాగితంలో కూడా పదిహేడే రాశారట. ఎప్పుడూ తప్పు రాదు నా పిల్లకి.

ఆ పేజీలు పుస్తకంలో లేవు. పదకొండో ఇంటర్వ్యూలో ముప్పై ఏడో పేజీ తరవాత నలభై ఒకటో పేజీ, ఎవరూ గమనించలేదు, పరీక్ష చేసిన ప్రొఫెసర్లు లేచి కరచాలనం చేశారు. గోప్యత కోసం అని సర్దిచెప్పుకుంది. ఎవరి గోప్యత? ఎఫ్. పలోమోది. ఇప్పుడు లోపలికి వెళ్ళి నిపుణురాలిలా మాట్లాడి రావచ్చు, అబద్ధం కూడా ఆడక్కర్లేదు, ఆ కాగితం గురించి అడిగితే రాసినావిడ పొరపడి ఉండవచ్చు అనవచ్చు, ఉండవచ్చు, ఎంత మెత్తటి మాట, ఉద్యోగం ఉంటుంది, లైసెన్సు ఉంటుంది, ఇంటి గడప మీద అమ్మ ఇంకా ఒక్క చెవితో, మా అమ్మాయి డాక్టరు అని ఊరందరికీ చెప్పుకుంటూ ఉంటుంది. నాదే అంటే? దొంగ రికార్డు రాసినందుకు కేసు, లైసెన్సు రద్దు, డాక్టరేటు రద్దు, అట్టకి అతికించిన కాగితం చూసి నేర్చుకున్న నాలుగొందల యాభై మంది ముఖాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం, పైగా కాలింది తన చేతులు కూడా కాదు. అనలీ ఎలాగూ చెప్పదు. అదే భరించలేకుండా ఉంది. కోపంగా ఒక్క మాట అని ఉంటే, ఉమ్మేసి ఉంటే, తిరిగి తిట్టుకుని బతికేది. రొట్టెలు బాగున్నాయి మేడం అంది.

బెంచీ చివర ఇందాకట్నుంచి ఒక పిల్ల కూర్చుని ఉంది. స్కూలు యూనిఫాం, మోకాళ్ళ మీద చేతులు, నోటుబుక్కు మూసే ఉంది. పదిహేడేళ్ళుంటాయి. దవడ తల్లిది, జుట్టు తండ్రిది. వచ్చినప్పుడే తెలిసింది ఫ్లోర్డెలిస్‌కి, తెలిసి అటు చూడకుండా గంట సేపు మసి ఊదుకుంది. పెదాలు కదులుతున్నాయి ఆ పిల్లవి, చప్పుడు లేకుండా, ఎదురుగా వరండా కమ్మీలు ఉన్నాయి, అవి లెక్కపెడుతోందో, ఇంకేం లెక్కపెడుతోందో. ముప్పై దాకా వచ్చి పెదాలు ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి.

"లవ్లీ," అంది ఫ్లోర్డెలిస్.

పిల్ల ఉలిక్కిపడి చూసింది. చాలాసేపు చూసింది.

"మీరేనా నాకు పెన్సిలు ఇచ్చింది?"

"నేనే."

"పసుపు రంగుది. వెనక రబ్బరుండేది." పిల్ల గొంతులో కోపం లేదు, వాళ్ళమ్మ గొంతే. "అప్పటిదాకా ఎవరూ నన్ను శభాష్ అనలేదు మేడం. అంత బాగా చెప్పానా అనుకున్నా. అందుకని ఇంటికెళ్ళాక ఇంకా గట్టిగా లెక్కపెట్టాను."

గట్టిగా. బయట పక్కింటివాళ్ళకి వినపడేంత గట్టిగా, మాకేం వినపడలేదన్నవాళ్ళకి, తడి గడ చప్పుడుకి పైన ఆ చిన్న గొంతు, మేడం మెచ్చుకున్న గొంతు, ముప్పై ఒకటి, ముప్పై రెండు, ఆ గుమ్మంలో నిలబడ్డ పిల్ల వెనక తనూ నిలబడే ఉంది ఏడేళ్ళూ, చప్పట్లు కొడుతూ. ప్రతి దెబ్బకీ చప్పట్లు కొట్టింది. చేతుల్లో కొట్టినంత మంట. ఈ పిల్లని ఇప్పుడు లోపలికి తీసుకెళ్ళి, మీ అమ్మ కత్తి ఎత్తినప్పుడు నువ్వేం చేశావమ్మా అని అడుగుతారు, అందరి ముందూ, చెప్పమంటే చెబుతుంది, చేతులు తొడలకి ఆనించి గోడకేసి చూస్తూ చెబుతుంది, ఒకటి నుంచి.

"ఇవాళ నువ్వు లోపలికి రానక్కర్లేదు," అంది ఫ్లోర్డెలిస్.

"లాయరుగారు రావాలన్నారు."

"నేను చెప్పాక అక్కర్లేదంటారు."

పిల్ల కాస్త జరిగి, ఫ్లోర్డెలిస్ భుజం మీద పడ్డ మసి పేలికని చూసి, వంగి ఉఫ్ అని ఊదింది. అది ఎగిరిపోయింది, మరక పడలేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టర్ సెరాల్వో అని బంట్రోతు కేకేశాడు. లేచింది, జునరీ లేచింది, నల్లకళ్ళద్దాల మనిషి లేచింది, ముగ్గురూ గడప దాటారు. లోపల ఉక్క, కరెంటు పోయినట్టుంది, ఫ్యాన్లు తిరగడం లేదు, జడ్జి అట్టముక్కతో విసురుకుంటున్నాడు. పసుపుపచ్చ చొక్కా తలెత్తలేదు. ప్రాసిక్యూటరు బల్ల మీద, అన్ని కాగితాలకీ పైన, ఆ కాగితం, రంగు మారిన కాగితం, ఇంతదూరం నుంచి కూడా తెలుస్తున్న గుండ్రటి అక్షరాలు, దానికి గుచ్చిన ఫోటో, జెండా, కాపితాన్, కలిసిన చేతులు. చెయ్యి ఎత్తమన్నారు, ఎత్తింది. అంతా నిజమే చెబుతానంది. ఆ మాట అనడం తేలిక, అందరూ అంటారు.

"సాక్షి పూర్తి పేరు రికార్డు కోసం చెప్పండి," అన్నాడు గుమాస్తా, డాక్టర్ అని ముందే టైపు చేసి పెట్టుకుని.

"ఫ్లోర్డెలిస్ పలోమో," అంది. వినపడిందో లేదో అని ఇంకా గట్టిగా మళ్ళీ చెప్పింది.